ఈ డబ్బా ఎక్స్‌పైరీ డేట్ నవంబర్ 12

కిందటేడు జూలై 4 లాంగ్ వీకెండ్. మినియాపొలిస్ పక్కన ఒక లేక్ పార్కులో మా బ్యాచ్ అంతా కలిశాం. చికెన్‌కి మసాలా పట్టించింది నేనే, గ్రిల్ దగ్గర పొగలో నిలబడింది నేనే, కూలర్‌లో ఎవరు ఏం పెట్టారో చూసుకోనిదీ నేనే.

మా రూమ్మేట్ వాళ్ళ నాన్నగారు అప్పటికి అమెరికా వచ్చి మూడు వారాలైంది. ఏలూరు దగ్గర హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. మందు ముట్టరు. సిగరెట్ వాసన వస్తే పక్కకి జరుగుతారు. అలాంటాయన ఎండకి దాహమేసి కూలర్‌లోంచి ఒక లేత ఆకుపచ్చ డబ్బా తీసుకున్నారు. దాని మీద పెద్ద నిమ్మకాయ బొమ్మ. "మన గోలీసోడాలా ఉందిరా అబ్బాయ్, తీపి కూడా తక్కువే" అని మెచ్చుకుని ఇంకోటి కూడా తాగారు.

ముప్పావు గంట తర్వాత నా చెయ్యి పట్టుకున్నారు. "ఒరే, నా కాళ్ళు నావి కావట్లేదురా" అన్నారు. గుండె దడదడలాడుతోంది. మాట తడబడుతోంది. మాకందరికీ వచ్చిన ఆలోచన ఒక్కటే, హార్ట్ ఎటాక్. బార్బెక్యూ అక్కడే వదిలేసి ఎమర్జెన్సీకి పరుగెత్తాం. ఈసీజీ తీశారు, రక్తం తీశారు. అప్పుడు డాక్టరమ్మ చాలా మామూలుగా అడిగింది, "ఆయన ఈరోజు ఏం తాగారు?" అని.

మా రూమ్మేట్ మొహం తెల్లగా అయిపోయింది. ఆ డబ్బాలు తెచ్చింది వాడే. కారులోంచి ఒకటి తెచ్చి చూపించాడు. వెనక పక్కన చిన్న అక్షరాల్లో ఉంది: హెంప్ నుంచి తీసిన డెల్టా-9 టీహెచ్‌సీ, 10 మిల్లీగ్రాములు. రెండు డబ్బాలంటే 20. జీవితంలో ఎప్పుడూ అలవాటు లేని అరవై రెండేళ్ళ మనిషికి అది చిన్న డోసు కాదు.

రాత్రి పదకొండు కల్లా అంకుల్ మామూలు మనిషయ్యారు. ఇంటికొచ్చి పెరుగన్నం తిని పడుకున్నారు. కథ అక్కడితో అయిపోలేదు. డిశ్చార్జ్ పేపర్ మీద "కానబిస్ ఇన్‌టాక్సికేషన్" అని రాసుంది. ఆరు వారాల తర్వాత విజిటర్ ఇన్సూరెన్స్ వాళ్ళ లెటర్ వచ్చింది: మత్తు పదార్థాల వల్ల వచ్చిన ఖర్చులు మా పాలసీలోకి రావు, ధన్యవాదాలు. బిల్లు మా వాడి క్రెడిట్ కార్డు మీద పడింది. అదైనా కట్టుకోవచ్చు. వాడికి నిద్ర పట్టనివ్వనిది వేరే ప్రశ్న. వాడి గ్రీన్‌కార్డు ఫైల్ పెండింగ్‌లో ఉంది. "నేను కొన్నది లీగలేనా కాదా?"

నేను లాయర్ని కాదు, బీటెక్ చదివి కోడ్ రాసుకునేవాణ్ణి. ప్రొడక్షన్‌లో ఏదైనా పగిలితే మూలం దొరికేదాకా లాగులు తవ్వడం అలవాటు. అలాగే దీన్నీ తవ్వుతూ కూర్చున్నాను. బగ్ దొరికింది. దశాంశ బిందువు దగ్గర.

ఒకే మొక్క, గీత ఒక్కటే తేడా

ముందు మా అమ్మ డౌట్ తీరుస్తాను. హన్మకొండ నుంచి ఫోన్లో విషయం విని, "హెంప్ అంటే జనపనార కదరా, గోనెసంచులు చేస్తారు. దానికి మత్తేంటి?" అంది. మన డిక్షనరీలు చేసిన గందరగోళం ఇది. జనపనార వేరే మొక్క. హెంప్, గంజాయి మాత్రం రెండూ ఒకటే, కానబిస్ సటైవా. మత్తునిచ్చే టీహెచ్‌సీ తక్కువుంటే హెంప్ అంటారు, ఎక్కువుంటే గంజాయి అంటారు.

మరి ఎంత తక్కువ? 0.3 శాతం. ఈ అంకె దేవుడిచ్చింది కాదు. 1976లో ఎర్నెస్ట్ స్మాల్ అనే కెనడా వృక్షశాస్త్రవేత్త, క్రాంక్విస్ట్ అనే మరో శాస్త్రవేత్తతో కలిసి మొక్కల్ని వర్గీకరిస్తూ, ఎండిన లేత ఆకుల్లో ఎంతుందో చూసి అక్కడ ఒక గీత గీశారు. ఎక్కడో ఒకచోట గీయాలి కాబట్టి గీశామని వాళ్ళే ఒప్పుకున్నారు కూడా. మొక్కలకి పేరు పెట్టడానికి గీసిన గీత అది. తాగేవాళ్ళ ఆరోగ్యంతో దానికి సంబంధమే లేదు.

2018 డిసెంబర్‌లో అమెరికా ఫార్మ్ బిల్లులో ఇదే గీతని చట్టం చేశారు. ఎండు బరువు మీద డెల్టా-9 టీహెచ్‌సీ 0.3 శాతం దాటకపోతే అది హెంప్, దాన్ని డ్రగ్స్ చట్టంలోంచి తీసేస్తున్నాం అన్నారు. మొక్కే కాదు, దాన్నుంచి తీసిన ఎక్స్‌ట్రాక్టులు కూడా అని చేర్చారు. దీని వెనక పట్టుపట్టిన మనిషి కెంటకీ సెనేటర్ మిచ్ మెక్‌కానెల్. పొగాకు గిట్టుబాటు కాక దిగాలుగా ఉన్న తన రాష్ట్రం రైతులకి కొత్త పంట దొరుకుతుందని ఆయన ఆశ. హెంప్‌తో చేసిన పెన్నుతో సంతకం పెట్టి ఫొటోలు కూడా దిగారు. నార, గింజలు, నూనె, అదీ అందరి ఊహ.

సోడా డబ్బా ఎవరి ఊహలోనూ లేదు.

ఇక్కడే అంకుల్ వస్తారు. ఈ సంగతంతా నేను ఆయనకి వాట్సాప్ కాల్‌లో చెబుతుంటే, లెక్కల మాస్టారు కదా, మధ్యలో ఆపేశారు. "ఆగాగు. ఆ డబ్బా ఎంత?" అన్నారు. 355 మిల్లీలీటర్లు. "అంటే దాదాపు 355 గ్రాములు. అందులో 0.3 శాతం అంటే 1,065 మిల్లీగ్రాములు. నేను తాగింది డబ్బాకి పది. అంటే వాళ్ళ చట్టం ప్రకారం ఇంకా వందరెట్లు పోసినా తప్పు లేదా?"

లేదండి అంకుల్. ఎండిన ఆకుకి 0.3 శాతం అంటే దాదాపు ఏమీ లేనట్టే. అదే శాతాన్ని బరువంతా నీళ్ళే ఉన్న డబ్బాకి పెడితే ఒక ఊరు ఊగేంత. "పైగా నీళ్ళకి ఎండు బరువేంట్రా!" అన్నారాయన. అమెరికన్ కాంగ్రెస్‌లో ఒక్క హైస్కూల్ టీచర్ ఉండుంటే బావుండేది అనిపించింది.

మినెసొటా వాళ్ళు చేసిన పని

ఆ కన్నంలోంచి చాలా బండ్లు దూరాయి. సీబీడీని యాసిడ్లతో మార్చి డెల్టా-8 అనే మత్తు పదార్థం చేశారు. చట్టంలో డెల్టా-9 పేరే ఉంది కదా అన్నారు. 2022లో ఒక ఫెడరల్ అప్పీల్స్ కోర్టు కూడా చట్టంలో రాసిన మాటల ప్రకారం అది హెంపే అంది. పెట్రోల్ బంకుల్లో డోరిటోస్, నెర్డ్స్ ప్యాకెట్లని కాపీ కొట్టిన డిజైన్లలో అమ్మేశారు. 2023లో ఎఫ్‌డీఏ అలాంటి కంపెనీలకి వార్నింగ్ లెటర్లు పంపాల్సి వచ్చింది. అసలు ఎఫ్‌డీఏ మాట ప్రకారమైతే టీహెచ్‌సీ, సీబీడీలని తిండిలో కలిపి అమ్మడం 2018 తర్వాత కూడా తప్పే. ఆపడానికి మాత్రం పెద్దగా దిగలేదు. 2023 జనవరిలో, సీబీడీకి ఇప్పుడున్న రూల్స్ సరిపోవు, కాంగ్రెసే కొత్త దారి చూపించాలి అని బంతి అటు తన్నేసింది.

కేంద్రం కదలకపోతే రాష్ట్రాలు తలో దారి పట్టాయి. కాలిఫోర్నియా 2024లో టీహెచ్‌సీ ఆనవాలు కనిపించినా కుదరదంది. టెక్సాస్‌లో 2025లో మొత్తం నిషేధించే బిల్లు పాసైతే గవర్నర్ గ్రెగ్ అబాట్ జూన్ 22న వీటో చేసి, సెప్టెంబర్‌లో 21 ఏళ్ళ వయసు రూల్ తెచ్చే ఆర్డర్ ఇచ్చారు. డాలస్‌లో ఉన్న మా కజిన్‌కి ఆ ఏడాది ఏ నెలలో ఏది కరెక్టో ఎవరూ చెప్పలేకపోయారు.

మా మినెసొటా కథ వేరు. 2017 దాకా ఆదివారం మందు షాపులు తెరవనివ్వని రాష్ట్రం ఇది. అలాంటిది 2022 జూలై 1 నుంచి హెంప్ టీహెచ్‌సీ తిండీ, డ్రింకులూ ఓకే అన్న మొదటి రాష్ట్రాల్లో ఒకటైంది. సర్వింగ్‌కి 5 మిల్లీగ్రాములు, 21 నిండాలి. పెద్ద బిల్లులో చిన్న క్లాజుగా వెళ్ళిపోయింది. పాస్ చేసిన సభ్యుల్లో ఒకరికి దాని అర్థం తర్వాత గానీ పూర్తిగా తెలియలేదు. 2023లో దాన్ని ఇంకాస్త బిగించారు. డ్రింక్ డబ్బాలో రెండు సర్వింగులే ఉండాలి, అంటే 10 మిల్లీగ్రాములు మించకూడదు. ల్యాబ్ టెస్ట్, లేబుల్, ట్యాక్స్ కూడా పెట్టారు. ఆ ట్యాక్స్ మొదట 10 శాతం, 2025 జూలై నుంచి 15. బార్లో ఒక మనిషికి మందు పోశాక అయిదు గంటలలోపు ఇది అమ్మకూడదన్న రూల్ కూడా ఉంది. ఇది రాసినవాళ్ళెవరో ఎప్పుడో ఒక పార్టీకి వెళ్ళే ఉంటారు.

ఇక్కడ చాలా ఊళ్ళలో లిక్కర్ షాపు మున్సిపాలిటీదే. ఆంధ్రాలో 2019 నుంచి 2024 దాకా సర్కారీ షాపులు చూసినవాళ్ళకి ఊహించుకోవడం ఈజీ. కాకపోతే ఇక్కడ కోరిన బ్రాండ్ దొరుకుతుంది. ఆ షాపుల్లో బీర్ల పక్కనే ఇవీ పెట్టారు. బీర్ అమ్మకాలు పడిపోతున్న ఇండీడ్, ఫెయిర్ స్టేట్ లాంటి లోకల్ బ్రూవరీలు వీటిలోకి దిగాయి. గ్యాలప్ సర్వేలో మందు తాగుతామన్న అమెరికన్లు 2025లో 54 శాతానికి దిగారు, వాళ్ళ రికార్డులోనే అతి తక్కువ. ఆ ఖాళీలోకి ఈ డబ్బాలు వచ్చాయన్నమాట. అక్టోబర్‌లో టార్గెట్ కూడా మినెసొటాలో పది స్టోర్లలో పెట్టింది. టార్గెట్ అంటే మా అమ్మ వచ్చినప్పుడు దుప్పట్లు కొన్న షాపు.

అంత చేసినా అంకుల్ ఎలా తాగేశారు? నాకు రెండు లోపాలు కనిపించాయి. ఒకటి, డబ్బా ముందు భాగం. వెనకాల ఎన్ని రూల్స్ రాసినా ముందున్నది నిమ్మకాయే. బీర్ సీసా చూస్తే ఇంగ్లిష్ రానివాళ్ళకైనా బీరని తెలుస్తుంది. ఇది సోడాలా ఉంటుంది, సోడాలాగే రుచి వస్తుంది. రెండోది నాలాంటి వాడికి నచ్చే సమస్య. టీహెచ్‌సీ నూనెలో కరుగుతుంది, నీళ్ళలో కరగదు. అందుకే దాన్ని అతి సన్నటి బిందువులుగా చిదిమి నీళ్ళలో కలుపుతారు. దానివల్ల గమ్మీలకి గంటా రెండు గంటలు పడితే, డ్రింకు చాలామందికి పావుగంట, అరగంటలోనే ఎక్కడం మొదలవుతుంది. ఆ బిందువులు మెల్లగా అల్యూమినియం డబ్బా లోపలి ప్లాస్టిక్ పొరకి అతుక్కుపోతాయి కూడా. అంటే ఫ్యాక్టరీలో 10 ఉన్నది నెలల తర్వాత డబ్బాలో అంతే ఉంటుందన్న గ్యారంటీ లేదు. మొదటి డబ్బాకి ఏమీ అనిపించలేదని రెండోది, మూడోది ఎత్తే మనిషికి ఇది ప్రమాదం.

మా వాడు తెచ్చిన డబ్బా మీద ల్యాబ్ రిపోర్ట్ కోసం క్యూఆర్ కోడ్ ఉంది. స్కాన్ చేశాను. పేజ్ నాట్ ఫౌండ్.

షట్‌డౌన్ బిల్లులో ఒక పేరా

కిందటేడు అక్టోబర్‌లో అమెరికా ప్రభుత్వం మూతపడింది. 43 రోజులు. ఫ్లైట్లు క్యాన్సిలయ్యాయి, జీతాలు ఆగాయి. నవంబర్ 12న ట్రంప్ సంతకంతో తెరుచుకుంది. ఆ ఖర్చుల బిల్లు లోపల హెంప్ నిర్వచనం మార్చే పేరా ఒకటి ఉంది. ఇకమీదట డెల్టా-9 ఒక్కటే కాదు, మొత్తం టీహెచ్‌సీ లెక్కలోకి వస్తుంది. కృత్రిమంగా చేసినవి కుదరవు. కొనేవాళ్ళ చేతికొచ్చే సరుకులో డబ్బాకైనా, సీసాకైనా, ప్యాకెట్‌కైనా మొత్తం 0.4 మిల్లీగ్రాములే. అమల్లోకి వచ్చేది సరిగ్గా ఏడాది తర్వాత, 2026 నవంబర్ 12న.

దీని వెనకా మెక్‌కానెలే. తాను తెరిచిన తలుపు తానే మూశారు. అదే కెంటకీకి చెందిన రెండో సెనేటర్ రాండ్ పాల్ ఆ పేరా తీసేయాలని పట్టుబట్టారు. 76-24తో ఓడిపోయారు. మందు వ్యాపారంలోనూ రెండు ముఠాలు. హోల్‌సేల్ పంపిణీదారులు మాకు అప్పగించండి, బీర్‌లాగే రూల్స్‌తో అమ్ముతాం అన్నారు. తయారీదార్ల సంఘాలు కొన్ని నిషేధం వైపు నిలబడ్డాయి. ఎందుకో వేరే చెప్పక్కర్లేదు.

మళ్ళీ అంకుల్ లెక్క. "0.4 అంటే నేను తాగిన దాంట్లో ఇరవై అయిదో వంతు. అది ఎవడికి ఎక్కుతుంది? ఎవడు కొంటాడు?" ఎవరూ కొనరు. మాట రూల్ లాంటిదే, పని నిషేధానిది. అదీ డబ్బా సైజుతో సంబంధం లేకుండా. నిద్ర పట్టడానికి నెలరోజులు చుక్కలు చుక్కలుగా వేసుకునే సీబీడీ నూనె సీసాకీ అదే 0.4. శాతం లెక్క పెట్టి వెయ్యి మిల్లీగ్రాములకి తలుపు తీసినవాళ్ళే, ఇప్పుడు సీసాకి అరమిల్లీగ్రాము కూడా కుదరదంటున్నారు. మధ్యలో 5 అనే అంకె ఉంది. మినెసొటా నాలుగేళ్ళుగా నడుపుతోంది. మెక్‌కానెల్ సొంత రాష్ట్రం కెంటకీ కూడా 2025లో 12 ఔన్సులకి 5 అని పెట్టుకుంది.

నా మట్టుకు నేను నిషేధం అడగను, అంకుల్‌ని ఎమర్జెన్సీలో చూశాక కూడా. అడిగేది చిన్నది. డబ్బాకి 5 మించకూడదు. ముందు వైపే, పండు బొమ్మ కంటే పెద్దగా గుర్తుండాలి. టెస్ట్ ఫ్యాక్టరీలో కాదు, షెల్ఫ్ మీదున్న డబ్బాకి చెయ్యాలి. క్యూఆర్ కోడ్ తెరుచుకోకపోతే ఆ బ్యాచ్ వెనక్కి పోవాలి. దేశమంతటికీ ఒకే రూల్ ఉండాలి. గడువు పెంచమని కాంగ్రెస్‌లో బిల్లులైతే పెట్టారు. గడువు పెంచితే టైమ్ దొరుకుతుంది, రూల్ రాదు.

మనోళ్ళకి అసలు చిక్కు

నవంబర్ 12 దాటాక 0.4 మించినది ఫెడరల్ చట్టం దృష్టిలో హెంప్ కాదు. హెంప్ కాకపోతే గంజాయే. మినెసొటా లైసెన్సున్న షాపు దాన్ని బిల్లు వేసి, క్యారీబ్యాగ్‌లో పెట్టి ఇవ్వొచ్చు. ఇమిగ్రేషన్ నడిచేది మాత్రం ఫెడరల్ చట్టం మీద. యూఎస్‌సీఐఎస్ 2019 ఏప్రిల్‌లోనే చెప్పింది: రాష్ట్రంలో లీగల్ అయినా, గంజాయి విషయంలో ఫెడరల్ చట్టం మీరితే సిటిజన్‌షిప్‌కి అడ్డు రావచ్చని. ఇప్పుడు గంజాయి షెడ్యూల్ తగ్గించే పని నడుస్తోంది కదా అంటారేమో. షెడ్యూల్ మారినా అది కంట్రోల్డ్ సబ్‌స్టెన్సే.

ఐ-485 ఫారంలో ఒక ప్రశ్న ఉంటుంది, ఎప్పుడైనా ఏ దేశపు డ్రగ్స్ చట్టమైనా ఉల్లంఘించారా అని. కేసు పడాలనేం లేదు, కొన్ని సందర్భాల్లో నోటితో ఒప్పుకున్నా చాలు. గ్రీన్‌కార్డు మెడికల్‌లో డాక్టరూ అడుగుతారు. క్లయింట్ కంపెనీ యూరిన్ టెస్ట్ పెడితే, అందులో పడేది హెంప్ టీహెచ్‌సీయా గంజాయి టీహెచ్‌సీయా అన్నది తెలీదు. ఒకటే రసాయనం. షాపు రసీదు చూపించినా లాభం లేదు.

మా వాడు లాయర్‌కి ఫీజు కట్టి మరీ అడిగాడు. 2025 జూలైలో కొన్నది, అప్పటి నిర్వచనం ప్రకారం హెంపే, రసీదు దాచుకో అన్నారు. నవంబర్ తర్వాత ఇదే డబ్బా ఇదే షాపులో కొంటే అని అడిగితే, "కొనకు" అని ఒక్క మాట. గంటకి నాలుగొందల డాలర్ల సలహా, మీకు ఫ్రీగా ఇస్తున్నాను.

ఇంకోటి. ఇండియా వెళ్తూ ఫ్రెండ్స్‌కి సరదాగా ఒక డబ్బా సూట్‌కేసులో పడేసేవాళ్ళుంటారు. వద్దు. మన 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం కానబిస్ అంటే ఏంటో చెబుతూ, దాంతో చేసిన పానీయం అనే మాట కూడా చేర్చింది. ఒట్టి ఆకు అందులోకి రాదు కాబట్టే ఉత్తరాదిలో భాంగ్ నడుస్తోంది. 2021లో ఎఫ్ఎస్ఎస్ఏఐ హెంప్ గింజల డ్రింకులకి పర్మిషన్ ఇచ్చింది, కిలోకి 0.2 మిల్లీగ్రాములు మించకూడదన్న షరతుతో. మన 355 ఎంఎల్ డబ్బాకి అది 0.07. అమెరికా నిషేధం లాంటి 0.4 కూడా శంషాబాద్‌లో దిగితే ఎక్కువే.

ఈ జూన్‌లో అంకుల్ మళ్ళీ వస్తున్నారు. టికెట్లు బుక్కయ్యాయి. ఇన్సూరెన్స్ వేరే కంపెనీది తీసుకున్నాం. మొన్న మా వాడు ఫ్రిజ్‌లో వెనకాల మిగిలిపోయిన రెండు డబ్బాలు బయటికి తీసి సింక్‌లో పారబోస్తుంటే, వీడియో కాల్‌లో ఆయన చూశారు.

"ఏంట్రా అది?"

"అదే నాన్నా, అప్పటిది."

కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నారు, "నిజం చెప్పాలంటే రుచి మాత్రం బాగానే ఉందిరా. ఈసారి కూలర్‌లో మాజా పెట్టండి."